వాల్వు ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్, తర్వాత రక్తపరీక్ష: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, ప్రజారోగ్య సంచాలకులకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు, పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లకు, నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు

నమస్కారం.

గుండె వాల్వు జబ్బులున్న వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ సిబ్బంది కలిసి రాస్తున్న లేఖ ఇది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక వాల్వు ఆపరేషన్ కోసం పొలం తాకట్టు పెట్టాల్సిన అవస్థ చాలా కుటుంబాలకు తప్పింది. అది చిన్న మేలు కాదు. కానీ ఆ ఆపరేషన్ దాకా రాకుండా ఆపగలిగే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఊళ్లో దొరకదు. ఆపరేషన్ అయ్యాక ప్రాణం నిలబెట్టే ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే రక్తపరీక్ష) మండలంలో ఉండదు. మధ్యలో ఉన్న పెద్ద ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది, దానికి అటూ ఇటూ ఉన్న చిన్న ఖర్చులు మాత్రం రోగి మీద పడుతున్నాయి. ఈ రెండింటినీ పీహెచ్‌సీ స్థాయికి తెమ్మని అడగడానికే ఈ లేఖ. ఎలా తేవాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా వివరంగా రాస్తున్నాం.

మన దగ్గర పాతిక, ముప్పై ఏళ్ల వయసులో వాల్వు పాడైందంటే చాలాసార్లు మూలం చిన్నప్పటి గొంతునొప్పిలో ఉంటుంది. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు వాస్తుంది. రెండు మూడు వారాల తర్వాత, ఆ బ్యాక్టీరియా మీదికి తయారైన రోగనిరోధక శక్తి పొరపాటున కీళ్ల మీద, గుండె మీద, మెదడు మీద పడుతుంది. ఇదే రుమాటిక్ జ్వరం. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. కీళ్లనొప్పులు వారాల్లో తగ్గిపోతాయి, జాడ కూడా మిగలదు. గుండె వాల్వు మీద పడిన మచ్చ మాత్రం మిగులుతుంది. మళ్లీ గొంతునొప్పి వచ్చి, మళ్లీ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ మచ్చ మందమవుతుంది. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు రేకులు అంచుల దగ్గర అతుక్కుపోయి దారి సన్నబడుతుంది, లేదా రేకులు ముడుచుకుపోయి రక్తం వెనక్కి కారుతుంది. మైట్రల్ తర్వాత ఎక్కువగా దెబ్బతినేది, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వు.

అంటే మొదటి అవకాశం గొంతునొప్పి దగ్గరే ఉంది. జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ ముందువైపు ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు ఉండి, దగ్గు, జలుబు లేకపోతే అది స్ట్రెప్ కావచ్చని అనుమానించాలి. అలాంటి బిడ్డకు వారాలపాటు ఒంట్లో నిలిచే బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్ చాలు. వద్దనుకుంటే అమాక్సిసిలిన్ పది రోజులు ఇవ్వాలి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. మెడికల్ షాపులో కొన్న మాత్రలు రెండు రోజులు వేసి, జ్వరం తగ్గగానే ఆపేస్తే గొంతులో బ్యాక్టీరియా మిగిలిపోతుంది. కోట్రైమాక్సజోల్, టెట్రాసైక్లిన్ ఈ బ్యాక్టీరియాను గొంతులోంచి తుడిచిపెట్టలేవు. ఒకే గదిలో పదుల మంది పిల్లలు పడుకునే గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఒకరి నుంచి ఒకరికి ఇది తేలిగ్గా పాకుతుంది కాబట్టి, అక్కడి ఏఎన్‌ఎంలకు ఈ నాలుగు గుర్తులూ, ఒక మందుల పట్టికా ఇస్తే చాలా మేలు.

రుమాటిక్ జ్వరం వచ్చాక కూడా గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మోకాలు వాచి, అది తగ్గేలోపు చీలమండ వాచి, తర్వాత మోచేయి వాచే నొప్పి దీని ముద్ర. అయితే మొదటి రోజే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పడితే కీలు నుంచి కీలుకు మారే ఆ తీరు కనిపించకుండా పోతుంది, రోగ నిర్ధారణ అక్కడే చెడిపోతుంది. అనుమానం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు పారాసిటమాల్‌తో నెట్టుకొచ్చి, ఈసీజీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. ఇంకో రూపం కొరియా, అంటే ఒళ్లు తన ప్రమేయం లేకుండా కదలడం. బిడ్డ చేతిలోంచి గ్లాసు జారిపోతుంది, అక్షరాలు వంకర పోతాయి, ముఖం వద్దన్నా కదులుతుంటుంది, ఊరికే ఏడుస్తుంది. ఇది గొంతునొప్పి తర్వాత నెలలు గడిచాక కూడా రావచ్చు. అప్పటికి రక్తపరీక్షలన్నీ మామూలుగా ఉంటాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లున్నాయి, అల్లరి ఎక్కువైందని కొట్టే బడులున్నాయి. ఆ బిడ్డకు కావలసింది ఎకో, పెన్సిలిన్. చర్మం మీద వచ్చే ఎర్రటి వలయాలు మన చామనఛాయ ఒంటి మీద సరిగా కనపడవు, వాటి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఇక్కడే ఏఎస్‌ఓ అనే రక్తపరీక్ష గురించి చెప్పాలి. ఏఎస్‌ఓ ఎక్కువగా ఉందంటే ఈ మధ్య స్ట్రెప్ సోకిందని మాత్రమే అర్థం. కాళ్లు లాగుతున్నాయన్న ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష రాసి, అంకె పెరిగిందని ఏళ్ల తరబడి పెన్సిలిన్ పొడుస్తున్నారు. ఇంకోవైపు నిజంగా వాల్వు కారుతున్న బిడ్డకు ఏఎస్‌ఓ మామూలుగా ఉందని ఇంజెక్షన్లు ఆపేస్తున్నారు. రెండూ తప్పే. నిర్ధారణ జోన్స్ ప్రమాణాలతో, అంటే రుమాటిక్ జ్వరాన్ని తేల్చే లక్షణాల పట్టికతో జరగాలి. 2015లో సవరించిన ఆ ప్రమాణాలు మనలాంటి జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు వేరుగా వెసులుబాటు ఇచ్చాయి. ఒక్క కీలు వాచినా, వాపు లేకుండా పలు కీళ్లు నొప్పెట్టినా లెక్కలోకి తీసుకోవచ్చు. చెవికి వినపడకపోయినా ఎకోలో కనపడిన వాల్వు దెబ్బను కూడా ప్రధాన లక్షణంగానే లెక్కిస్తారు.

ఇక అసలు మందు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు బెంజథిన్ పెన్సిలిన్ బరువు 27 కిలోలు దాటితే 12 లక్షల యూనిట్లు, అంతకన్నా తక్కువైతే 6 లక్షల యూనిట్లు, ప్రతి 21 రోజులకు ఒకసారి ఇవ్వాలి. నాలుగో వారానికి రక్తంలో మందు పల్చబడిపోతుంది, అందుకే మనలాంటి చోట నెలకొకసారి కంటే మూడు వారాలకొకసారి మంచిది. గుండెకు దెబ్బ తగలకపోతే కనీసం 5 ఏళ్లు లేదా 21 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ఆలస్యమైతే అది. గుండె వాచి పూర్తిగా తగ్గిపోతే 10 ఏళ్లు లేదా 21 ఏళ్ల వయసు. వాల్వు దెబ్బ మిగిలిపోతే 10 ఏళ్లు లేదా 40 ఏళ్ల వయసు, కొందరికి జీవితాంతం. వాల్వు ఆపరేషన్ అయినవాళ్లకు కూడా ఇది ఆపకూడదు. కొత్త వాల్వు వేసినా మిగతా వాల్వులు పాతవే. చాలామంది డిశ్చార్జి కాగితంలో ఈ ఒక్క మాట ఉండదు.

ఏడాదికి 17 ఇంజెక్షన్లు. అందులో 14కు పైగా సమయానికి పడితేనే రక్షణ గట్టిగా ఉంటుంది. ఇది పనిచేస్తుందనడానికి బలమైన రుజువు ఉగాండా నుంచి వచ్చింది. లక్షణాలేవీ లేకుండా ఎకోలో మాత్రమే తొలిదశ వాల్వు జబ్బు బయటపడిన 818 మంది పిల్లలను రెండు గుంపులుగా చేసి రెండేళ్లు చూశారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 8.2 శాతం మందికి.

మరి ఇంత మంచి మందు ఎందుకు అందడం లేదు? ధర మరీ తక్కువ కాబట్టి తయారీదారులకు, షాపులకు దాని మీద ఆసక్తి లేదు. అది మొదటి కారణం. రెండోది భయం. పెన్సిలిన్ రియాక్షన్ వస్తే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో పీహెచ్‌సీ జిల్లా ఆసుపత్రికి పంపుతుంది, జిల్లా ఆసుపత్రి టీచింగ్ ఆసుపత్రికి పంపుతుంది. ఒకరోజు కూలి, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన తల్లి నాలుగోసారి ఎందుకు వెళ్తుంది? ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం లేదు. కానీ లెక్క చూడండి. 1991లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మందికి 32,430 ఇంజెక్షన్లు ఇస్తే, ఎనఫిలాక్సిస్ (ప్రాణం మీదకు తెచ్చే తీవ్రమైన అలర్జీ) నలుగురికి వచ్చింది. అంత అరుదైనదాన్ని ఎదుర్కోవడానికి కావలసింది ఒక ఎడ్రినలిన్ ఆంప్యూల్, దాన్ని వెంటనే వాడే ధైర్యం. పెద్దవాళ్లకు అర మి.లీ., 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 0.3 మి.లీ., ఇంకా చిన్నవాళ్లకు 0.15 మి.లీ., తొడ మధ్యలో బయటివైపు కండరంలోకి. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అంతే. మన దగ్గర జరిగే తప్పు ఏమిటంటే, ముందు ఏవిల్, తర్వాత హైడ్రోకార్టిసోన్, అవి పనిచేయలేదని తెలిశాక ఎడ్రినలిన్. ఆ వరుస తలకిందులు కావాలి. ఈ మోతాదుల పట్టిక ఇంజెక్షన్ గది గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇంకో విషయం ఇటీవల బాగా స్పష్టమైంది. ఇంజెక్షన్ తర్వాత జరిగిన మరణాల్లో కొన్ని అలర్జీ వల్ల కాదు. వాల్వు బాగా సన్నబడి లేదా గుండె బలం తగ్గి ఇప్పటికే ఆయాసపడుతున్న రోగి నొప్పికి, భయానికి బీపీ పడిపోయి, ఆ కుదుపుకు గుండె తట్టుకోలేక పోయినవి. అందుకే 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇలాంటి తీవ్ర రోగులకు ఇంజెక్షన్‌కు బదులు రోజుకు రెండుసార్లు మాత్రలు మేలని సూచించింది. మిగతావాళ్లకు జాగ్రత్తలు తేలికైనవే. ఖాళీ కడుపుతో రానివ్వొద్దు. నీళ్లు తాగించాలి. బల్ల మీద పడుకోబెట్టి ఇవ్వాలి. అరగంట కూర్చోబెట్టి పంపాలి.

ఇంజెక్షన్ ఇచ్చే తీరు కూడా రాస్తాం, ఎందుకంటే ఒకసారి చెడుగా పడిన ఇంజెక్షన్ తర్వాత పిల్లలు తిరిగి రారు. ఈ మందు ద్రావణం కాదు, నీళ్లలో తేలే పొడి. వయల్ మీద రాసినదానికంటే తక్కువ నీళ్లు పోస్తే చిక్కబడి సూది మూసుకుపోతుంది. నురగ రాకుండా అరచేతుల మధ్య దొర్లించి కలపాలి. కలిపి పక్కన పెట్టకూడదు, పొడి అడుగుకు దిగిపోతుంది. మందు లాగిన సూది తీసేసి కొత్త 21 గేజ్ సూది తొడగాలి. పిరుదు పైభాగంలో బయటివైపు లోతుగా గుచ్చి, వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవాలి. రక్తనాళంలోకి పోతే ఈ మందు ప్రాణం తీస్తుంది. రక్తనాళంలోకి ఎక్కించకూడదన్న హెచ్చరిక ప్రతి వయల్ మీదా ఉండేది అందుకే. తర్వాత మధ్యలో ఆపకుండా, నిదానంగా నెట్టాలి. ఎడ్రినలిన్ కలవని 1 శాతం లిగ్నోకైన్ కొద్దిగా కలిపితే నొప్పి బాగా తగ్గుతుంది, మందు పనితనం తగ్గదు. ఒకసారి కుడి, మరోసారి ఎడమ. బెంజథిన్‌నే పల్చగా చేసి చర్మం కింద టెస్ట్ డోసు వేయడం చాలాచోట్ల అలవాటు. అది నమ్మదగిన పరీక్ష కాదు. చేయదలిస్తే మామూలు బెంజైల్ పెన్సిలిన్ పల్చని ద్రావణంతో చేయాలి. క్రమం తప్పకుండా తీసుకుంటున్న బిడ్డకు ప్రతి 21 రోజులకూ ఆ పరీక్ష పెట్టనక్కర్లేదు. గతంలో పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వాడినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అని నిదానంగా అడగడమే ముఖ్యం. నిజంగా అలర్జీ ఉంటే ఎరిత్రోమైసిన్ మాత్రలు ఉన్నాయి.

కాబట్టి అడుగుతున్నాం: ప్రతి పీహెచ్‌సీలో వారంలో ఒక రోజు, టీకాల రోజులు కాకుండా, పెన్సిలిన్ రోజుగా ప్రకటించండి. ఆ రోజు వైద్యాధికారి తప్పక ఉండాలి. రాష్ట్ర మందుల కొనుగోలు సంస్థలు బెంజథిన్ పెన్సిలిన్‌ను పీహెచ్‌సీ రిజిస్టర్‌లోని పేర్ల లెక్కన, పేరుకు 17 వయళ్లు, పైన కొంత నిల్వతో కొనాలి. ఇంజెక్షన్‌కు వారం ఆలస్యమైన బిడ్డ ఇంటికి ఆశా వెళ్లాలి. టీబీ మందుల విషయంలో మన వ్యవస్థ ఇంతకంటే కష్టమైన పని చేసి చూపించింది.

జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 2013 నుంచి బడి పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది. కానీ గోలగా ఉన్న తరగతి గదిలో, స్టెతస్కోపుతో తొలిదశ వాల్వు జబ్బు పట్టుకోవడం నిపుణులకే కష్టం. కంబోడియా, మొజాంబిక్ బడుల్లో చేసి 2007లో ప్రచురించిన పరిశీలనలో, స్టెతస్కోపుకు దొరికినవాళ్లకంటే ఎకోకు దొరికినవాళ్లు దాదాపు పది రెట్లు ఉన్నారు. చేతిలో పట్టే చిన్న ఎకో యంత్రాన్ని నర్సులు నేర్చుకోగలరు. రెండు మూడు కోణాల్లో మైట్రల్, అయోర్టిక్ వాల్వుల రంగు చిత్రం తీసి, అనుమానమున్నవి జిల్లా కేంద్రంలోని కార్డియాలజిస్టుకు పంపితే చాలు. అన్ని బడుల్లో ఒకేసారి అనడం లేదు. ఏజెన్సీ మండలాల ఆశ్రమ పాఠశాలలతో మొదలుపెట్టండి. అయితే పెన్సిలిన్ రోజు నడవని చోట ఎకో క్యాంపు పెట్టొద్దు. జబ్బు పేరు చెప్పి మందు ఇవ్వకుండా వదిలేయడం ఆ కుటుంబానికి అన్యాయం.

పెద్దవాళ్ల విషయానికి వస్తే, మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లు (మైట్రల్ స్టెనోసిస్) మొదట చెప్పేది ఆయాసం. మెట్లెక్కితే, బిందె మోస్తే, తర్వాత పడుకుంటే. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి దగ్గులో రక్తం పడవచ్చు. కఫం పరీక్షలో టీబీ తేలకపోయినా ఆరు నెలల టీబీ మందులు మింగినవాళ్లు, ఉబ్బసం అని ఏళ్లపాటు ఇన్‌హేలర్లు వాడినవాళ్లు వీళ్లలో ఉన్నారు. కఫంలో టీబీ లేని, రక్తం పడే యువతీయువకులందరికీ టీబీ మందు మొదలుపెట్టే ముందు ఒక్క ఎకో చేయించాలని నియమం పెట్టండి. డాక్టర్లకు మా మనవి: రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంట వైపును రొమ్ము కింద గుండె కొసన తేలిగ్గా ఆనించి వినండి. మైట్రల్ స్టెనోసిస్ గరగర ఆ భంగిమలోనే వినిపిస్తుంది, వెల్లకిలా పడుకోబెట్టి గట్టిగా అదిమితే మాయమవుతుంది. అయోర్టిక్ లీకు వినాలంటే ముందుకు వంగి ఊపిరి వదిలి ఆపమనాలి. నాడి లయ తప్పి కొట్టుకుంటోందా చూడండి. అలా ఉంటే ఎడమ కర్ణికలో గడ్డ కట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం పక్కనే ఉన్నట్టు. నలభైలోపు వయసులో పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరి గుండెనూ వాల్వు జబ్బు కోసం చూడాలి.

ఈ లయ తప్పినవాళ్లకు రక్తం పల్చబరిచే మందు అవసరం. ఐఎన్‌ఆర్ గొడవ లేదని కొత్త మందులు రాయడం పెరిగింది. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో మన దేశంతో సహా 24 దేశాల్లో 4,500 మందికి పైగా రుమాటిక్ రోగులను చూస్తే, ఆ కొత్త మందుల్లో ఒకటైన రివరాక్సబాన్ వాడినవాళ్లలో మరణాలు వార్ఫరిన్ లాంటి పాత మందు వాడినవాళ్లకంటే ఎక్కువ. మైట్రల్ స్టెనోసిస్ ఉంటే, మెటల్ వాల్వు ఉంటే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్, అంతే.

గర్భిణుల గురించి విడిగా చెప్పక తప్పదు. గర్భంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేని మైట్రల్ స్టెనోసిస్ ఏడో నెలలో ఒక్కసారిగా బయటపడుతుంది. కడుపుతో ఉంటే ఆయాసం మామూలే అని సర్దిచెప్పే మాట ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి దగ్గుతో లేచి కూర్చోవడం, విశ్రాంతిలో నాడి వంద దాటడం మామూలు కాదు. మొదటి పరీక్ష రోజునే గుండె వినాలి, చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందా, మూడు వారాల ఇంజెక్షన్లు వేయించుకున్నారా అని అడగాలి. జబ్బు తేలితే మెటోప్రోలాల్‌తో నాడి తగ్గించడం, ఒంట్లో నీరు లాగే ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్), విశ్రాంతి. వీటికి లొంగకపోతే రెండో త్రైమాసికంలో, కడుపుకు సీసపు ఆప్రాన్ కప్పి, బెలూన్‌తో వాల్వును వెడల్పు చేయవచ్చు. కాన్పులో సెలైన్ సీసాలు వేగంగా ఎక్కించొద్దు, ఆక్సిటోసిన్ ఒక్కసారిగా నెట్టొద్దు, మెథర్జిన్ అసలే వద్దు. బిడ్డ పుట్టగానే గర్భాశయంలోని రక్తం గుండెకు తిరిగి చేరుతుంది, అందుకే కాన్పు తర్వాతి మూడు రోజులే అన్నిటికంటే ప్రమాదం. కాన్పు సుఖంగా అయిందని మర్నాడే ఇంటికి పంపకండి.

చికిత్స గురించి తక్కువే రాస్తాం, అది మన పెద్దాసుపత్రుల్లో బాగానే జరుగుతోంది. జపాన్ సర్జన్ కాంజి ఇనోవే 1980లలో తెచ్చిన బెలూన్‌తో, తొడ దగ్గరి సిర గుండా వెళ్లి, అతుక్కున్న రేకులను విడదీస్తారు. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే దారి 1.5కి తగ్గి లక్షణాలుంటే బెలూన్‌కు పంపాలి. రేకులు మెత్తగా ఉండి, లీకు ఎక్కువ లేకుండా, కర్ణికలో గడ్డ లేకుండా ఉండాలి. ఆలస్యం చేస్తే రేకులు సున్నం పట్టి ఆ అవకాశం పోతుంది, ఇక ఆపరేషనే. కాబట్టి లాసిక్స్ మాత్రలతో ఏళ్లు నెట్టుకురావద్దు. వయసు మీద పడ్డాక వచ్చే అయోర్టిక్ స్టెనోసిస్ వేరే జబ్బు, రుమాటిక్ కాదు, రేకులు సున్నం పట్టడం వల్ల వస్తుంది. నడుస్తూ కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలయ్యాక రోజులు లెక్కే. దానికి మందులతో నయం లేదు, వాల్వు మార్చాల్సిందే.

ఏ వాల్వు వేయాలన్నది మాత్రం రోగి ఊరిని చూసి తేల్చాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసి 1990లో మొదటిసారి అమర్చిన మెటల్ వాల్వు వల్ల ఖర్చు బాగా తగ్గింది. మెటల్ వాల్వు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ జీవితాంతం ఎసిట్రోమ్ కావాలి. జంతు కణజాలపు వాల్వుకు అంత బంధనం లేదు, కానీ చిన్న వయసువాళ్లలో త్వరగా పాడవుతుంది, మళ్లీ ఆపరేషన్. పెళ్లి కావాల్సిన, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు ఈ రెండు మాటలూ ఆపరేషన్‌కు ముందే, ఇంట్లోవాళ్ల సమక్షంలో, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. మెటల్ వాల్వు ఉన్న అమ్మాయి గర్భం అని తెలియగానే బిడ్డకు హాని అని భయపడి మాత్ర ఆపేస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది. వార్ఫరిన్ మోతాదు రోజుకు 5 మి.గ్రా., ఎసిట్రోమ్ 2 మి.గ్రా. లోపు ఉంటే బిడ్డకు ముప్పు తక్కువ. అంతకంటే ఎక్కువైతే 6 నుంచి 12 వారాల మధ్య హెపారిన్ ఇంజెక్షన్‌కు మార్చవచ్చు. ఏది చేసినా కార్డియాలజిస్టు పర్యవేక్షణలోనే జరగాలి.

ఇక మా రెండో కోరిక, ఐఎన్‌ఆర్. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉంటే ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య, ఒక్క అయోర్టిక్ మాత్రమే అయితే సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. మొదట వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి చూడాలి. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాది ఫాలో-అప్ ఇచ్చే పద్ధతి ఉంది. మెటల్ వాల్వుకు ఏడాది గడువు అర్థం లేనిది. రెండో ఏడాది నుంచి రోగి పరీక్షలు మానేసి, పాత చీటీలోని మోతాదునే వాడుకుంటాడు. ఆ తర్వాత మనం చూసేది మెదడులో రక్తస్రావమో, ఇరుక్కుపోయిన వాల్వో. వాల్వు టిక్కుటిక్కుమనే చప్పుడు ఆగిపోయి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గంటలు ముఖ్యం. 108 సిబ్బందికి ఈ ఒక్క గుర్తు నేర్పండి.

పరీక్ష సరిగా రావాలంటే నీలి మూత ట్యూబు గీత దాకా నిండాలి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. సగం నింపితే ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, మోతాదు తగ్గిస్తారు, వాల్వు మూసుకుపోతుంది. మూత తీయని ట్యూబు గది ఉష్ణోగ్రతలో 24 గంటలు నిలుస్తుంది. కాబట్టి తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లకు నమూనాలు మోసే బండ్లలోనే దీన్నీ పంపవచ్చు. ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ రసాయనం తెరిచినప్పుడల్లా దాని మీద ఉండే ఐఎస్‌ఐ విలువను (ఆ బ్యాచ్ ఎంత సున్నితమో చెప్పే అంకెను) యంత్రంలో మార్చాలి. మార్చకపోతే ఆ జిల్లా మొత్తానికీ తప్పుడు అంకెలు వెళ్తాయి. దూరపు మండలాలకు వేలి చుక్కతో చూసే యంత్రాలు ఇవ్వండి. సాయంత్రం ఒకే వేళకు మాత్ర, పొద్దున పరీక్ష, అదే రోజు ఫోనులో మోతాదు. మర్చిపోయిన మాత్రకు మర్నాడు రెండు వేసుకోవద్దు.

గోంగూర, పాలకూర, తోటకూర, మునగాకు మానేయమని చెప్పే అలవాటు పోవాలి. వీటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది, నిజమే. కానీ పేదింట్లో ఆకుకూర మాన్పిస్తే పోషణ పోతుంది, పైగా ఒకరోజు మానలేక తిన్నప్పుడు ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది. వారం వారం ఇంచుమించు అంతే తినమంటే చాలు, మోతాదును తిండికి తగ్గట్టు మేం సరిచేస్తాం. అసలు ప్రమాదం మందుల దగ్గర ఉంది. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్ ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. రిఫాంపిసిన్ కిందికి లాగేస్తుంది. డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం తెస్తుంది. ఇవేవైనా మొదలుపెట్టినా, ఆపినా మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూడాలి. రక్తస్రావం లేకుండా అంకె 5 దాటితే ఒకటి రెండు మాత్రలు ఆపి మళ్లీ పరీక్షించాలి. కంగారుపడి విటమిన్ కె 10 మి.గ్రా. పొడిస్తే తర్వాత వారాలపాటు మందు పట్టదు, వాల్వు మీద గడ్డ కడుతుంది. ఒక పన్ను తీయడానికి కూడా ఎసిట్రోమ్ ఆపనక్కర్లేదు. ఐఎన్‌ఆర్ 3 దరిదాపుల్లో ఉంటే గాజుగుడ్డ ఒత్తిడి, ట్రానెగ్జామిక్ యాసిడ్ పుక్కిలింత చాలు. పన్ను తీసే ముందు మాత్రం, వాల్వు మార్చినవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు అరగంట నుంచి గంట ముందు ఇవ్వాలి. పెన్సిలిన్ ఇంజెక్షన్ వేసే రోజు ఐఎన్‌ఆర్ 4.5 దాటితే ఇంజెక్షన్ వాయిదా వేసి మాత్రలు ఇవ్వండి.

వాల్వు జబ్బున్నవాళ్లకు వారం దాటిన జ్వరం వస్తే టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. ముందు వేర్వేరు చోట్ల నుంచి మూడు బ్లడ్ కల్చర్లు తీయండి. వాల్వుకే ఇన్‌ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. ఒక్క డోసు పడ్డాక చాలాసార్లు కల్చర్‌లో ఏదీ పెరగదు, ఏ మందు పనిచేస్తుందో తెలియకుండా ఆరు వారాలు చీకట్లో వైద్యం చేయాల్సి వస్తుంది.

చివరగా కార్డు గురించి. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి పనికోసం హైదరాబాద్, చెన్నై, గల్ఫ్ వెళ్లేవాళ్లలో ఈ రోగులు ఎందరో ఉన్నారు. ఊరు మారగానే ఇంజెక్షన్ తప్పుతుంది, పరీక్ష తప్పుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ చెల్లే ఒకే వాల్వు కార్డు కావాలి. దాని మీద జబ్బు పేరు, వేసిన వాల్వు రకం, సైజు, ఏ స్థానంలో, ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలో, పెన్సిలిన్ ఆఖరి తేదీ, పడకూడని మందుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి. ఆ కార్డు చూపిస్తే హైదరాబాద్ బస్తీ దవాఖానాలో ఉద్దానం కూలీకి, విజయవాడ పట్టణ ఆరోగ్య కేంద్రంలో నారాయణపేట మేస్త్రీకి అడ్రస్ ప్రూఫ్ అడగకుండా ఇంజెక్షన్, ఐఎన్‌ఆర్ ఉచితంగా చేయాలి. కార్డు నమూనా, పీహెచ్‌సీ గోడకు అంటించే పట్టికలు, నర్సుల శిక్షణకు కావలసిన పాఠాలు రాసి ఇవ్వడానికి, జిల్లాలకు వచ్చి నేర్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం. రెండు శాఖల అధికారులు కలిసి కూర్చునే ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో వాల్వు రోగులకు సేవ చేస్తున్న వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ సిబ్బంది